మామగారి ‘వన్స్ మోర్’ కోసం పోర్ట్‌లాండ్ దాకా

పోర్ట్‌లాండ్ చూడాలని నాకు ఏనాడూ లేదు. బాతెల్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాను. పోర్ట్‌లాండ్ ఉన్న పక్క రాష్ట్రం ఒరెగాన్‌లో సేల్స్ టాక్స్ ఉండదని మావాళ్ళంతా అక్కడికెళ్ళి లాప్‌టాప్‌లూ టీవీలూ కొనుక్కొస్తుంటే, ‘మూడు గంటలు డ్రైవ్ చేసి మిగిల్చేదేముంది, అంతా గ్యాస్‌కే పోతుంది’ అని వాదించేవాణ్ణి. అలాంటివాణ్ణి 2013 అక్టోబరులో ఒక శనివారం, ముసురు పడుతుండగా, ఇద్దరు పెద్దమనుషుల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని చైనా పద్యాలు వినడానికి వెళ్ళాను. చైనా పద్యాలు! అందులోనూ ముసలితనం మీద. మీలో ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకుని ఆ దారిన వెళ్ళాలనుకుంటుంటే నా అవస్థ మీకు పనికొస్తుందని రాస్తున్నాను. చదివాక కూడా వెళ్తామంటే మీ ఇష్టం.

ఇదంతా మా మామగారి వల్ల వచ్చింది. మా ఆవిడ సౌజన్య వాళ్ళ నాన్నగారు. తెనాలి దగ్గరివాళ్ళు, ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు, వయసు డెబ్బై మూడు. ఉద్యోగం పగలు చేసి, రాత్రిళ్ళు పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టేవారు. వేషాలంటే పెద్దవేమీ కాదు. చారుడు, మంత్రి, తప్పితే రెండో సైనికుడు. నలభై ఏళ్ళలో ఆయనకి దక్కినవి ఒకటీ అరా పద్యాలే. పద్యనాటకం చూడని కుర్రకారు కోసం చెప్తున్నాను: నటుడు రాగం తీసి పద్యం బాగా ముగిస్తే జనం లేచి ‘వన్స్ మోర్’ అని కేకలేస్తారు, ఆయన పద్యం మళ్ళీ మొదటినుంచి పాడాలి. మాట ఇంగ్లీషుదే గానీ ఆ వాడుక ఏ ఇంగ్లీషువాడికీ తెలియదు, అది అచ్చంగా మనది. మామగారికి జీవితంలో ఒక్క వన్స్ మోర్ కూడా పడలేదు. ఆ లోటు ఆయనకి బీపీ కంటే పెద్ద జబ్బు. పైగా రెండేళ్ళ కింద గుండెకి స్టెంట్లు వేశాక దమ్ము తగ్గింది, రాగం ఎక్కువసేపు నిలవడం లేదు. ఇంకో మూడు వారాల్లో ఇండియా ఫ్లైట్. ‘ఇక మనకి స్టేజీ ఎక్కడిదిలే’ అని ఆయన అంటుంటే, పోనీలే పాపం అని ఊరుకున్నాను. ఊరుకోవడమే నా తప్పు.

ఎందుకంటే అప్పటికే మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో చెన్ గారు తగిలారు. చైనాలో లెక్కల మాస్టారుగా రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు, ఈయన కంటే రెండేళ్ళు పెద్ద. ఇద్దరూ పొద్దున్నే నది పక్క నడకదారి మీద వాకింగ్‌కి వెళ్ళేవారు. ఈయనకి చైనీస్ రాదు, ఆయనకి తెలుగు రాదు, ఇద్దరిదీ ముక్కలు ముక్కల ఇంగ్లీషు. అయినా గంటన్నరకి తక్కువ కాకుండా మాట్లాడుకునేవారు. నాకూ మా ఆవిడకీ ఒకే భాష వచ్చి పది నిమిషాలు మాట్లాడుకోలేం. వారం తిరక్కుండానే మామగారు ఆయన్ని ‘చెన్నయ్య గారు’ అని పిలవడం మొదలెట్టారు. ఆయనా పలికేవారు.

చెన్నయ్య గారు పాత పద్ధతిలో పద్యాలు రాస్తారు. పాతకాలపు చైనా కవిత్వంలో ఇదొక పెద్ద కోవ అట. తల నెరిసింది, ఒంట్లో పస లేదు, అనుకున్న పదవి రాలేదు, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదు, అయినా మనసు మాత్రం దిగిరాదు. ఈ ఒక్క సంగతి మీద వందల ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారట. మామగారికి ఇది వినగానే పూనకం వచ్చింది. “చూశారా అల్లుడుగారూ! మనవాళ్ళు అరవై దాటగానే కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోమంటారు. వైరాగ్యం రాయమంటారు. వీళ్ళకి తల నెరిస్తే గుర్రం ఎక్కడ కట్టేశారని అడుగుతారు!” అన్నారు. నేను అప్పుడు జీతం పడిందో లేదో బ్యాంకు సైట్‌లో చూసుకుంటున్నాను. ఊఁ కొట్టాను.

ఆ ఊఁ మీదే అంతా నడిచింది. పోర్ట్‌లాండ్‌లో ఒక చైనా పెద్దల సంఘం ఏటా కవితాపఠనం పెడుతుందట, ఈసారి విషయం ‘వయసు మీద పడినా తగ్గని ఆశ’. చెన్నయ్య గారు పేరిచ్చారు. తన పద్యాన్ని తెలుగులోకి తిప్పిన స్నేహితుడు ఒకాయన ఉన్నారని, ఆయనకీ మూడు నిమిషాలు ఇమ్మని అడిగారు. వాళ్ళు సరేనన్నారు. ఇద్దరికీ డ్రైవింగ్ రాదు. చెన్నయ్య గారి కొడుకు ఊళ్ళో లేడు. సౌజన్యకి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వీకెండ్. “నువ్వు తీసుకెళ్ళవా ప్లీజ్, నాన్న రెండు నెలల్నించి అదే పద్యం బాత్‌రూమ్‌లో ప్రాక్టీస్ చేస్తున్నారు” అంది. “నాకు తెల్వదా? ఆ గోడకి ఇవతల పండేది నేనే గద” అన్నాను. “వెళ్తే వెళ్ళావు గానీ, దారిలో నాన్నని ఏమీ అనకు” అని ఇంకో మాట కూడా తగిలించింది.

అల్లుడికి మామగారిని విసుక్కునే హక్కు మన సంప్రదాయంలో లేదు. తండ్రినైతే కసురుకోవచ్చు. మామగారు ‘అల్లుడుగారూ, ఏమనుకోకండి’ అంటూ ఏం అడిగినా ఏమీ అనుకోకూడదు. ఏడింటికి బయల్దేరాలని ముందురోజే చెప్పాను. ఏడింటికి ఆయన మిరియాల కషాయం పుక్కిలిస్తున్నారు. ఏడున్నరకి పంచె బాగుంటుందా ప్యాంటు బాగుంటుందా అని మొదలుపెట్టారు. పంచె కట్టి, దానిమీద జెర్కిన్ వేసుకుని, ఎనిమిదింపావుకి కార్ ఎక్కారు. చెన్నయ్య గారు మాత్రం ఏడింటినుంచీ గొడుగు పట్టుకుని పార్కింగ్‌లో నిలబడి ఉన్నారు, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, ఒక సంచీ నిండా ఉడకబెట్టిన గుడ్లు.

దారి సులువే. ఫోర్-ఓ-ఫైవ్ హైవే పట్టుకుని దక్షిణానికి వెళ్ళి ఐ-ఫైవ్ ఎక్కితే పోర్ట్‌లాండ్ దాకా అదే రోడ్డు, నూట తొంభై మైళ్ళు. శనివారం పొద్దున అయితే మూడుంబావు గంటలు అంటుంది జీపీఎస్. ఆ జీపీఎస్‌కి టకోమా దాటాక మిలిటరీ బేస్ దగ్గరి ట్రాఫిక్ సంగతి తెలియదు, మామగారి సంగతి అసలే తెలియదు. కెల్సో లోపే రెండుసార్లు రెస్ట్ ఏరియాలో ఆపించారు. ఆగిన రెండుసార్లూ ఆయన వెండింగ్ మెషీన్ల పక్కన నిలబడి గొంతు సవరించుకుని రాగం తీశారు. కుక్కని నడిపించుకుంటున్న ఒకావిడ నా దగ్గరికి వచ్చి “ఆయన బాగానే ఉన్నారా?” అని అడిగింది. బాగానే ఉన్నారు, బాగోలేనిది నేనే అని చెప్పాలనిపించింది.

“మామయ్యా, గొంతు దాచుకోండి. అంతా ఇక్కడే ఒడగొడితే అక్కడేం పాడ్తరు?” అన్నాను, వీలైనంత మెత్తగా.

“ఏమనుకోకండి అల్లుడుగారూ, గొంతుని వేడెక్కించకపోతే పట్టేస్తుంది. ఒక్కసారి విని చెప్పండి, నాలుగో పాదం నిలుస్తోందా లేదా.”

అని మళ్ళీ పాడారు. చెన్నయ్య గారి పద్యం నాలుగు పాదాలు, ఈయనదీ నాలుగే. సీసం రాద్దామనుకున్నారట గానీ అంత దమ్ము లేదని ఆటవెలదికి దిగారు. రెండు నెలలుగా వినీ వినీ నాకూ నోటికి వచ్చేసింది:

అద్దమందు చూడ నౌదల తెల్లనై
వంగె నడుము, కాళ్ళ వాడి తగ్గె;
గడప చెంత నున్న కాలిచెప్పులు నేడు
వీధి వైపె తిరిగి వేచియుండె.

తల నెరిసింది, నడుము వంగింది, గుమ్మం దగ్గర చెప్పులు మాత్రం ఇంకా వీధివైపే తిరిగి ఎదురుచూస్తున్నాయి. అంతే. బాగానే ఉంది, కాదనను. కానీ దాన్ని సెంట్రేలియా దగ్గర ఒకసారి, కెల్సో దగ్గర ఒకసారి, మధ్యలో లెక్కలేనన్నిసార్లు వింటే ఆ చెప్పులు తీసి ఎవరికైనా విసరాలనిపిస్తుంది. చెన్నయ్య గారు మాత్రం ప్రతిసారీ తన పద్యాన్ని కొత్తగా విన్నట్టు తల ఊపి, నాకు ఒలిచిన గుడ్డు అందించేవారు. నేను శనివారం గుడ్డు తిననని మూడుసార్లు చెప్పాను. ఆయన మూడుసార్లూ నవ్వి ఇంకోటి ఒలిచారు.

కొలంబియా నది మీద వంతెన దాటితే ఒరెగాన్. గ్యాస్ అయిపోవస్తోందని దాటగానే ఒక బంకులో ఆపి, దిగి పైపు తీసుకోబోయాను. ఒక కుర్రవాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. “సర్, సర్, ముట్టుకోకండి! ఇక్కడ మీరు కొట్టుకోకూడదు, చట్టం ఒప్పుకోదు, మేమే కొట్టాలి” అన్నాడు. వెనక అద్దం దించి మామగారు, “చూశారా, మన తెనాలిలాగే! ఎంత మర్యాద!” అని మురిసిపోయారు. వర్షంలో దిగి తడిసింది నేను. మీరు వెళ్ళేటప్పుడు కార్‌లోంచి దిగకండి, కార్డు అద్దంలోంచి ఇస్తే చాలు.

పోర్ట్‌లాండ్ చేరేసరికి పన్నెండున్నర. చైనాటౌన్‌లో శనివారం కూడా వీధి పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, ఆ మెషీన్ ఇచ్చిన చీటీని అద్దానికి లోపలివైపు అతికించాలి. కవితాపఠనం రెండింటికని ఉంది కాబట్టి ముందు అక్కడి చైనా తోటకి వెళ్ళాం. టికెట్ పది డాలర్ల లోపే, పెద్దవాళ్ళకి ఇంకాస్త తక్కువ. ఒక సిటీ బ్లాకంత చోటులో చెరువు, వంకర వంతెనలు, రాళ్ళు, చావళ్ళు. ఎక్కడ చూసినా రాళ్ళ మీదా చెక్కల మీదా అక్షరాలు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది, వర్షంలో ఇంకా బాగుంది. కానీ నన్ను చూడనిస్తేగా! చెన్నయ్య గారు ప్రతి రాత ముందూ ఆగి చదివేవారు, ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పేవారు, మామగారు దాన్ని తెలుగులో నాకు పది మాటలు చేసి చెప్పేవారు. అందులో సగం ఆయన సొంత కవిత్వమని నాకు గట్టి అనుమానం. అక్కడి టీ గదిలో కూర్చుని టీ తాగుదామంటే, గొంతుకి పడదని ఈయన వద్దన్నారు. ఈయన తాగనిది తానూ తాగనని ఆయన వద్దన్నారు. తోట బయట గొడుగు కింద నిలబడి నేను సౌజన్య కట్టిచ్చిన పులిహోర తిన్నాను.

సంఘం వాళ్ళ హాలు అక్కడికి రెండు వీధుల అవతల, మేడ మీద. మడతకుర్చీలు, చిన్న వేదిక, ఒక మైకు, బుగ్గలు మండేలా హీటరు. అరవై డెబ్బైమంది ఉంటారు, అందరూ డెబ్బైల్లో ఉన్నవాళ్ళూ వాళ్ళని దింపడానికొచ్చిన నాలాంటి అభాగ్యులూ. ఇరవై మంది చదువుతారని, మనిషికి మూడు నిమిషాలని, ఐదింటికి హాలు ఖాళీ చేయాలని మైకు పట్టుకున్నావిడ మొదట చైనీస్‌లోనూ తర్వాత మా కోసం ఇంగ్లీషులోనూ చెప్పింది. చెన్నయ్య గారిది మూడో పేరు. మామగారు అతిథి కాబట్టి అందరికంటే చివర. “చివరంటే ప్రధాన వేషం అన్నమాట” అన్నారు మామగారు. కార్యక్రమం మొదలయ్యేసరికి మూడు కావొచ్చింది. ఆలస్యంలో వాళ్ళూ మన తెలుగు సంఘాలూ సాక్షాత్తూ అన్నదమ్ములు.

చెన్నయ్య గారి వంతు వచ్చింది. నేను ఏదో గొణుగుతారనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, కొద్దిగా ఊగుతూ, పాటా కాకుండా మాటా కాకుండా మన పద్యంలాగే సాగదీస్తూ చదివారు. రెండో పాదం చివర ఆయన స్వరం కిందికి దిగి, మూడో పాదంలో లేచింది. అర్థం తెలుసు కాబట్టేమో నేను కూడా చేతిలో ఫోన్ జేబులో పెట్టేశాను. ముగించి ఆయన కళ్ళు తెరిచారో లేదో, నా పక్కన పంచె కట్టుకున్న డెబ్బై మూడేళ్ళ మనిషి కుర్చీ వెనక్కి పడేలా లేచి, రెండు చేతులూ పైకెత్తి, “వన్స్ మోర్! వన్స్ మోర్!” అని తెనాలి నేల టికెట్టు కేక పెట్టారు.

హాలంతా మావైపు తిరిగింది. నేను భూమి బద్దలైతే బాగుండును అనుకున్నాను. చెన్నయ్య గారి మొహం ఎర్రబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జేబులోంచి కాగితం తీసి ఒకసారి చూసుకున్నారు. తర్వాత జనానికి నడుము వంచి నమస్కరించి, పద్యం మళ్ళీ మొదటినుంచి, ఈసారి ఒక్కో అక్షరం ఆచి తూచి చదివారు. పాదం పాదానికీ కాగితం వంక చూసుకున్నారు. సంతోషం పట్టలేక అనుకున్నాను. మామగారు చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు కందిపోయాయి.

అంతటితో ఆగితే ఇది రాసే పనే లేకపోను. నాలుగో ఆయన చదవగానే ఆయన మనవళ్ళు, మా తాత ఏమైనా తక్కువా అన్నట్టు, “వన్స్ మోర్!” అన్నారు. ఐదో ఆవిడకి ముందు వరసలో ఆవిడ స్నేహితురాళ్ళు అన్నారు. ఆరో ఆయనకి హాలు హాలంతా అంది. మైకు పట్టుకున్నావిడ గడియారం చూపిస్తూ ఏదో మొత్తుకుంటోంది, ఎవరూ వినడం లేదు. “చూశారా అల్లుడుగారూ, చైనావాళ్ళకి వన్స్ మోర్ నేర్పేశాను!” అని మామగారు మొహం చాటంత చేసుకున్నారు.

“నేర్పిన్రు గానీ మామయ్యా, అందరూ రెండుసార్లు చదివితే మీకు టైమ్ ఏడుంటది?” అన్నాను. ఇక పళ్ళ బిగువున ఉండడం నా వల్ల కాలేదు. “ఐదింటికి హాల్ ఖాళీ చేయాలట. మీరు లాస్ట్. మీ నెత్తిన మీరే చేయి పెట్టుకున్నట్టు చేసిన్రు!”

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ రెండోసారి మొదలుపెట్టినప్పుడల్లా జెర్కిన్ జిప్ పైకీ కిందికీ లాగుతూ కూర్చున్నారు. వెంట తెచ్చుకున్న మిరియాల కషాయం అయిపోయింది. హీటరు గాలికి గొంతు ఆరిపోయింది. మధ్యాహ్నం ఒక కునుకు తీయనిదే ఆయనకి మాట సరిగా రాదు, ఆ కునుకు లేదు. పొద్దుటినుంచి రెస్ట్ ఏరియాల్లో ఖర్చుపెట్టిన దమ్ము ఎటూ లేదు. నాకు కోపం పోయి భయం పట్టుకుంది.

ఐదింటికి ఇంకా కొద్ది నిమిషాలున్నాయనగా ఆయన పేరు పిలిచారు, సగం మింగేసి. ఆయన వేదిక ఎక్కి పంచె సర్దుకుని, మైకుని పక్కకి జరిపించారు. పద్యానికి మైకేమిటని ఆయన ఉద్దేశం. మొదటి పాదం ఎత్తుకున్నారు. రెండు నెలలు బాత్‌రూమ్ గోడ అవతలినుంచి విని విసుక్కున్న పద్యమే. కానీ ఆ హాల్లో, ఒక్క తెలుగుముక్క తెలియని ఆ పెద్దవాళ్ళ మధ్య, అది మరోలా ఉంది. రెండో పాదం, మూడో పాదం నిలబడ్డాయి. నాలుగో పాదంలో ‘వేచియుండె’ దగ్గర రాగం పైకి తీశారు, పైకి, ఇంకా పైకి, అక్కడ దమ్ము తెగింది. గొంతు రెండుగా చీలింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఆగారు. నేను సగం లేచాను. ఆయన నాకు వద్దని సైగ చేసి, ఆ ఆఖరి మాటని మామూలుగా, రాగం లేకుండా అనేసి నమస్కారం పెట్టారు.

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక మామ్మ నవ్వుతూ “వన్స్...” అని అందుకుంది. ఆవిడ పక్కన ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. వేదిక మీద మామగారు తలెత్తడం నేను చూశాను. ఆ తలెత్తడం నేను మర్చిపోలేను. అంతలో చెన్నయ్య గారు దిగ్గున లేచి, వాళ్ళకి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ చాచి చైనీస్‌లో గట్టిగా ఏదో అన్నారు. మాస్టారు క్లాసులో గదమాయించినట్టే ఉంది. అందరూ నోరు మూసుకున్నారు. మైకు పట్టుకున్నావిడ ఇదే సందని ధన్యవాదాలు చెప్పేసింది. కుర్చీలు మడతపెట్టడం మొదలెట్టారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. పొద్దుటినుంచి పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క మాట కోసం. అది నోటిదాకా వస్తే ఈ మహానుభావుడు అడ్డుపడ్డాడు. తనకి రెండుసార్లు కావాలి, ఈయనకి ఒక్కసారి కూడా వద్దా? ఇద్దర్నీ కార్ ఎక్కించి బయల్దేరాను. వెళ్ళేటప్పుడు ఖాళీగా ఉన్న వంతెన వచ్చేటప్పుడు కిటకిటలాడుతోంది. సాయంత్రం అటువైపు అంతేనట, గుర్తుపెట్టుకోండి. నది మీద బంపర్‌కి బంపర్ ఆనించి నిలబడి ఉండగా చెన్నయ్య గారు మామగారి చెయ్యి పట్టుకున్నారు.

“నో మిస్టేక్,” అన్నారు. “యూ, నో మిస్టేక్. ఐ టోల్డ్ దెమ్.” తర్వాత తన ముక్కల ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పుకొచ్చారు: నేను ముప్పై ఏళ్ళు మాస్టారుగా చేశాను. పిల్లవాడు అప్పజెప్పేటప్పుడు తప్పు పోతే ‘మళ్ళీ చెప్పు’ అంటారు. ఇవాళ నేను ఎక్కడో తప్పు చదివాను, ఎక్కడో ఇప్పటికీ తెలియడం లేదు, స్నేహితుడు కాబట్టి నువ్వు లేచి చెప్పావు, సరిదిద్దుకున్నాను. తర్వాత చదివినవాళ్ళవీ తప్పులే అయ్యుంటాయి. కానీ నీ పద్యం నాకు కంఠతా వచ్చు, అందులో ఒక్క తప్పు లేదు. భాష తెలియని ఆడవాళ్ళు నిన్ను నలుగురిలో తప్పు పడుతుంటే ఎలా ఊరుకుంటాను?

నాకు స్టీరింగ్ మీద తల కొట్టుకోవాలనిపించింది. “అంకుల్, అది కాదు...” అని వెనక్కి తిరిగాను. మామగారు నా భుజం మీద చెయ్యి వేశారు. “ఒక్క నిమిషం, అల్లుడుగారూ.”

ఆయన జెర్కిన్ జిప్ పైదాకా లాగి సర్దుకుని కూర్చున్నారు. అద్దంలో చూస్తున్నాను. తర్వాత ఆఫీసు ఫైలు మీద నోట్ రాసినంత జాగ్రత్తగా, ఇంగ్లీషులో ఒక్కో మాటా పేర్చి చెప్పారు. “చెన్నయ్య గారూ, మా ఊళ్ళో వన్స్ మోర్ అనేది తప్పు చేసినవాడికి కాదు. అందరికంటే బాగా చదివినవాడికి. ఒక్కసారి వింటే చాలలేదు అని దాని అర్థం.”

చెన్నయ్య గారికి అది ఎక్కడానికి కొంతసేపు పట్టింది. “బెస్ట్?” అన్నారు. “ఐ యామ్ బెస్ట్?” మొహం చిన్నపిల్లాడిలా విప్పారింది. అంతలోనే ముడుచుకుపోయింది. ఆయన లెక్కల మాస్టారు కదా, మిగిలిన లెక్క కూడా వేసుకున్నారు. “అయితే నీకు... నేను ఆపాను...”

“లేదు లేదు,” అన్నారు మామగారు వెంటనే, నవ్వుతూ. “నాది చివర్లో విరిగింది. విరిగిన పద్యానికి వన్స్ మోర్ అడగరు. అది మా స్టేజీ రూల్. మీరు ఆపింది కరెక్ట్.”

అలాంటి రూల్ ఏదీ లేదని నాకు తెలుసు. ఆ మామ్మలు అడిగి ఉంటే ఈయన గుండె ఆగినా సరే మళ్ళీ పాడేవారని కూడా తెలుసు. చెన్నయ్య గారు నమ్మారు. సీటుకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, తన పద్యం తనలో తాను మెల్లగా అనుకోసాగారు. మామగారు కిటికీలోంచి నదివైపు చూస్తూ కూర్చున్నారు. అప్పుడే సౌజన్య ఫోన్ చేసింది. కార్ స్పీకర్‌లో “ఏమైంది? నాన్నకి వన్స్ మోర్ పడిందా?” అని ఉత్సాహంగా అడిగింది. వెనక నుంచి మామగారే అన్నారు, “చెన్నయ్య గారికి పడిందమ్మా. అదరగొట్టేశారు.”

ఇంటికొచ్చాక రెండు రోజులు నాకు నడుంనొప్పి. మూడో రోజు పొద్దున ఐదింటికి బాత్‌రూమ్‌లోంచి కొత్త రాగం. వచ్చే ఏడాదికి సీసపద్యం అందుకుంటున్నారట. వీసా మళ్ళీ ఎప్పుడు స్టాంప్ చేయిస్తారని నన్నే అడిగారు, ఈ గుండెతో పాడొచ్చా అని డాక్టర్‌ని అడగాల్సింది మాత్రం అడగలేదు. ఆ చైనా పద్యాలన్నీ ఒకటే మూసలో ఉంటాయని, తల నెరవడంతో మొదలై కొండ ఎక్కి దూరాలు చూడడంతో ముగుస్తాయని నేను విసుక్కున్నాను. ఆ ఆశ ఉన్న మనిషితో ఒక ఇంట్లో ఉంటే తెలిసింది, పద్యంలో ఉన్నంత అందంగా ఏమీ ఉండదు, కషాయం వాసన, నిద్ర పాడు. కానీ నలభై ఏళ్ళు ఎదురుచూసిన మాటని నది మీద అంత తేలిగ్గా స్నేహితుడికి ఇచ్చేసిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. వచ్చే ఏడాది ఎవరు తీసుకెళ్తారని సౌజన్య అడిగితే, ‘నేనే, ఇంకెవడున్నాడు నా ఖర్మ కాకపోతే’ అన్నాను. మీరూ అలా ఎవరినైనా తీసుకెళ్తే ఒక్కటి చేయండి: ముందే ఫోన్ చేసి పెద్దవాళ్ళ పేరు జాబితాలో మొదట వేయించండి. మర్యాద కోసం ఎవరైనా చివర ఉంచుతామంటే ఒప్పుకోకండి. ఆశ ఎంతసేపైనా ఆగుతుంది, గొంతు ఆగదు.